లొల్లి బండి

మేడ్చల్ ఆటో స్టాండులో నేను అడిగింది ఒక్కటే మాట. "లొల్లి బండి అన్న ఇంకా ఈ లైనులోనే తిప్పుతున్నాడా?" అడిగింది కూడా ముక్కూమొహం తెలియనివాణ్ణి కాదు, పదేళ్ళపాటు ఆయన పక్కనే బండి నిలబెట్టుకున్న యాదగిరిని. యాదగిరి బీడీ పారేసి, నా మొహం పోల్చుకోవడానికి కాసేపు చూసి, "నీకు ఎరకలేదా అమ్మా? పోయిండు గదా. దసరా ముంగట. కామెర్లు తిరగబెట్టినయి" అన్నాడు.

దసరా వెళ్ళి మూడు నెలలు. నా ఉద్యోగం సికింద్రాబాద్‌లో, ఇల్లు బోయిన్‌పల్లిలో. మేడ్చల్ ఎంత దూరమని, బస్సెక్కితే గంట. గంట దూరంలో ఉన్న మనిషి పోతే నాకు మూడు నెలలకు తెలిసింది. నా మీద నాకే ఒళ్ళు మండింది. కబురు చేయలేదని యాదగిరి మీద కూడా మండింది. చేయడానికి అతని దగ్గర నా నంబరు ఎక్కడిది? అయినా మండింది.

అన్న పేరు నాకు తెలుసు. లైసెన్సు మీద చూశాను. కానీ ఆ పేరుతో ఒక్కసారి కూడా పిలవలేదు. ఇప్పుడు ఇక్కడ ఆ పేరు రాస్తే ఎవరో వేరే మనిషి గురించి రాసినట్టు ఉంటుంది. అందుకని అన్న అనే అంటాను. స్టాండులో అందరూ ఆయన సెవెన్ సీటర్ ఆటోని లొల్లి బండి అనేవాళ్ళు. మేడ్చల్ నుంచి గండిమైసమ్మ మీదుగా దుండిగల్ దాకా తిరిగేది. ఏడుగురి కోసం చేసిన బండి, పన్నెండు మంది ఎక్కితే తప్ప కదిలేది కాదు. డీజిల్ ఇంజను మోత ఒకటి, దాన్ని మించి టేపు రికార్డరు మోత ఒకటి.

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం, జులైలో ఒక పొద్దున నేను ఆ బండి ఎక్కాను. ఆడపిల్లలకు డ్రైవరు వెనకాల సీటు. కూర్చున్నాక టేపులో వినిపించింది విని సీటు అంచుకు జరిగాను. హెవీ మెటల్. డబుల్ డ్రమ్ములు, రంపం లాంటి గిటార్లు, గొంతు చించుకుని అరిచే ఆ బ్యాండు నాయకుడు. పదో తరగతి సెలవుల్లో విజయవాడ బావ ఇచ్చిన కాపీ క్యాసెట్టులో నేను విన్నది ఆ బ్యాండునే. మేడ్చల్ మొత్తానికి దాన్ని వినేది నేనొక్కదాన్నే అని రెండేళ్ళుగా గర్వపడుతున్నాను. ఆ బ్యాండు పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇప్పటికీ కొట్టుకోవడానికి జనం ఉన్నారు.

నా పక్కన ఆకుకూరల గంపతో కూర్చున్న ముసలమ్మ రోజూ ఆ బండిలోనే వచ్చేదట. ఆవిడ చెవిలో కొంగు దోపుకుంటూ, "ఏం పాటరా నాయినా ఇది, పీక మీద ఎవడో కాలు పెట్టినట్టు అరుస్తాండు" అంది.

"గంతే అవ్వ. ఎవడో పెట్టిండు. గందుకే అరుస్తాండు" అన్నాడు అన్న, వెనక్కి తిరగకుండా.

అంతకంటే మంచి సంగీత విమర్శ నేను తర్వాత ఏ పత్రికలోనూ చదవలేదు. ఆగలేక ముందుకు వంగి, "అన్నా, ఇది ఫలానా బ్యాండు కదా" అన్నాను. అద్దంలో ఆయన కళ్ళు నా వైపు తిరిగాయి. "నీకెట్ల ఎరక?" అన్నాడు. ఆ అడగడంలో, తన ఇంటి గుట్టు బయటివాళ్ళకు ఎలా తెలిసిందన్నంత ఆశ్చర్యం ఉంది. దుండిగల్ వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుతూనే ఉన్నాం. నేను దిగాల్సిన కాలేజీ దాటిపోయింది.

ఆయనకు ఆ క్యాసెట్లు దొరికిన తీరు చెప్పాలి. దుండిగల్ ఎయిర్‌ఫోర్సులో శిక్షణకు వచ్చిన కుర్రాడెవరో సెలవు నుంచి తిరిగొస్తూ బండిలో ఒక సంచి మరిచిపోయాడు. అందులో నాలుగు క్యాసెట్లు. అన్న మర్నాడు పనిగట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళి, సంచి ఎవరిదో వాళ్ళను పిలిపించమన్నాడట. ఎలా ఉంటాడని కాపలా అతను అడిగితే, "పొడుగ్గ ఉంటడు, జుట్టు పొట్టిగ కత్తిరించి ఉన్నది" అని చెప్పాడట. లోపల ఉన్న మూడొందల మందీ అలాగే ఉంటారని అతను నవ్వి పంపించాడు. అన్న వాటిని ఆర్నెల్లు ముట్టుకోలేదు. ఆ తర్వాత, పాడైపోయాయేమో చూద్దామని ఒకటి పెట్టాడు. అదీ సంగతి.

ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అందుకని పాటలకు ఆయనే పేర్లు పెట్టుకున్నాడు. ఒకటి రైలు పాట. ఒకటి అత్తాకోడళ్ళ పాట, అందులో రెండు గిటార్లు ఒకదాని మీద ఒకటి ఎగబడతాయి కాబట్టి. అన్నిటికంటే ఇష్టమైంది బోరు పాట. డ్రమ్ములు మొదలవగానే, "ఇగో, మిషిను దింపిండ్రు" అనేవాడు. గిటారు గరగరమంటే, "రాయి తగిలింది." నాలుగో నిమిషంలో గిటారు ఒక్కటే పైకి లేచే చోటు ఉంటుంది. దానికి కొంచెం ముందు గేరు తగ్గించి, చెయ్యి పైకెత్తి, "ఆగుండ్రి, ఇప్పుడు నీళ్ళు పడ్తయి" అనేవాడు. శామీర్‌పేట అవతల ఆయన ఊళ్ళో, ఆయన పొలంలో మూడు బోర్లు వేస్తే మూడూ ఎండిపోయాయని, ఆటో హ్యాండిలు పట్టుకుంది ఆ తర్వాతేనని నాకు రెండో సంవత్సరంలో యాదగిరి చెప్పాడు. పాటలో మాత్రం రోజూ పడేవి.

ఆ నీళ్ళు పడే ముక్క అయ్యేదాకా ఎవరినీ దిగనిచ్చేవాడు కాదు. గండిమైసమ్మ చౌరస్తాలో దిగాల్సిన గుమస్తాగారు ఒకాయన ఫైళ్ళు పట్టుకుని, "బాబూ, ఆపవయ్యా" అని బతిమాలుతుంటే, "అయిపాయె సారూ, అయిపాయె" అంటూ బండిని చౌరస్తా చుట్టూ ఇంకో చుట్టు తిప్పేవాడు. ఆ సారు తిట్టుకుంటూ దిగి, మర్నాడు మళ్ళీ ఇదే బండి ఎక్కేవాడు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

మైసమ్మ గుడి ముందు మాత్రం టేపు ఆపేవాడు. కుడిచెయ్యి గుండె మీద, పెదాల మీద ఆనించుకుని, గుడి దాటాక మళ్ళీ మీట నొక్కేవాడు. "బోనాలప్పుడు అమ్మవారి ముందు ఇంతకంటే పెద్ద డప్పులు కొడతారు కదన్నా, దీనికేమైంది?" అని అడిగాను ఒకసారి. "గది ఆమె లొల్లి. ఇది నా లొల్లి. ఆమె ఇంటి ముంగట నాదేంది?" అన్నాడు.

మా నాన్న మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగానికని తణుకు దగ్గర నుంచి మేడ్చల్ వచ్చేనాటికి నాకు ఏడేళ్ళు. కొత్తగా వేసిన కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. ఆ కాలనీలో ముప్పావువంతు మా వైపు వాళ్ళే. అందుకని పదేళ్ళున్నా నా మాట మారలేదు. నోరు తెరిస్తే ఎక్కడి దాన్నో ఎవరికైనా తెలిసిపోయేది. అన్నకు మాత్రం నా మాట ముచ్చటగా ఉండేది. నేను "ఏంటన్నా" అంటే, "ఏంటన్నా అంట, ఏంటన్నా" అని నవ్వి, బండిలో అందరికీ నాలా అని చూపించేవాడు.

రెండో సంవత్సరానికి నేను ఆయనకు చదివిపెట్టేదాన్నయ్యాను. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు సంగీత పత్రికలు దొరికేవి. ఆ బ్యాండు బొమ్మ కనబడితే కొనేసేదాన్ని. మేడ్చల్ స్టాండులో రేకుల షెడ్డు కింద, బండి నిండేలోపు, తెలుగులో చదివి చెప్పేదాన్ని. ఆయన అడిగే ప్రశ్నలు పత్రికవాళ్ళు అడిగేవి కావు. "ఆయన బాపు ఏం జేస్తుండె?" నాయకుడి తండ్రి బొగ్గు గనిలో పనిచేశాడు, గని మూతపడి ఉద్యోగం పోయింది. "గనే ఎండింది పాపం" అన్నాడు అన్న. ఆ రోజు నుంచి ఆ నాయకుణ్ణి గురువు అనడం మొదలుపెట్టాడు. గురువుకు జలుబు చేసి కచేరీ ఆగిందని ఏడాది పాత పత్రికలో చదివితే, "తగ్గిందంటనా మరి?" అని అడిగాడు.

ఇక్కడ నేను చేసిన వెధవపని చెప్పాలి.

అబిడ్స్‌లో ఒకసారి ఆ నాయకుడి పెద్ద ఇంటర్వ్యూ దొరికింది. ఆరు పేజీలు. అన్న చాయ్ తెప్పించి, టవలుతో సీటు తుడిచి మరీ కూర్చోబెట్టాడు. మూడు పేజీలు చక్కగా చదివాను. నాలుగో పేజీ అడుగున ఒక పేరా ఉంది. ముందుగా కళ్ళతో చూసి ఆగిపోయాను. మా ఊరు మాది, బయటినుంచి వచ్చినవాళ్ళు మా ఉద్యోగాలు తిన్నారు, మా ఇళ్ళల్లో చేరారు, ఇక్కడ పుట్టనివాడికి ఇక్కడ హక్కు లేదు, మూటాముల్లె సర్దుకుని పోవాలి, పోకపోతే పంపించాలి. ఇదీ దాని సారం. వాళ్ళను తిట్టిన మాటలు నేను రాయలేను.

అవి ప్రత్యేక రాష్ట్రం మాట ఊరూరా మొదలైన రోజులు. అన్న శామీర్‌పేటలో, కీసరలో మీటింగులకు పోయేవాడు. బండిలోనే, నా ఎదురుగానే, "మా నౌకర్లు మాగ్గావాలె, మా నీళ్ళు మాగ్గావాలె" అనేవాడు. ఇంట్లో మా నాన్న రోజూ పొద్దున, "బండిలో ఎవరితోనూ రాజకీయాలు మాట్లాడకు" అని గొంతు తగ్గించి చెప్పి పంపేవాడు. ఆ పేరా చదివితే అన్న తల ఊపుతాడని నాకు భయం వేసింది. గురువు కరెక్టు చెప్పిండు అంటాడని. ఆయన ఆ ఒక్క మాట అంటే, మర్నాటి నుంచి ఆ సీట్లో నేను ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలి? నాకు అన్న కావాలి. అందుకని పేరా వదిలేసి, ఐదో పేజీలో గిటారు తీగల గురించి ఎత్తుకున్నాను.

ఆయన వేలు పెట్టి చూపించాడు. "గీ అడుగున ఇంకింత ఉన్నది గదా?"

"అదంతా ప్రకటన అన్నా. సబ్బుల ప్రకటన" అన్నాను. సబ్బులట. ఇప్పుడు తలుచుకున్నా చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మా బండిలో ఇంకో ఇద్దరు ఆ బ్యాండు అభిమానులు ఉండేవాళ్ళు, నా క్లాసువాళ్ళే. శ్రీకాంత్‌ది మేడ్చలే, వాళ్ళకు కిరాణా కొట్టు. ఫణిది మా కాలనీ. ఇద్దరూ అన్న చలవతోనే ఆ సంగీతంలో పడ్డారు. రెండు వారాల తర్వాత శ్రీకాంత్ నెట్ సెంటర్‌లో కూర్చుని అదే ఇంటర్వ్యూ మీద ప్రపంచంలోని అభిమానులంతా కొట్టుకుంటున్నది చదివి, కాగితాల మీద ప్రింటు తీసుకుని మరీ బండెక్కాడు.

"ఇగ నేను ఆ బ్యాండు ఇనను. నాలాంటోని రంగు చూస్తేనే ఎల్లగొట్టమనేటోని పాట నేనెందుకు ఇనాలె?" అన్నాడు.

"పాట వినరా. ఆయన్ని అల్లుణ్ణి చేసుకోమన్నామా?" అన్నాడు ఫణి. "బిర్యానీ తినే ముందు వంటవాడి గుణం అడుగుతావా నువ్వు?"

"వంటోడు నా ప్లేట్ల ఉమ్మిండని తెలిసినంక గూడ తింటవా?"

"ప్లేట్లో ఎక్కడ ఉమ్మాడు? పాటల్లో ఎక్కడైనా అన్నాడా? ఇంటర్వ్యూలో అన్నాడు."

"నోరు ఒక్కటే గదరా."

ఇలా అరుచుకుంటుంటే, ముసలమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. నేను కిటికీ లోంచి బయటికి చూస్తున్నాను. అన్న టేపు గొంతు కాస్త తగ్గించి, "ఏం మాటన్నడ్రా గురువు?" అని అడిగాడు.

శ్రీకాంత్ కాగితం చూస్తూ మొత్తం చెప్పాడు. చెప్పి, "చెల్లె నీకు గీ ఇంటర్వ్యూనే సదివింది గదన్నా. చెప్పలేదా?" అన్నాడు నన్ను చూపించి.

అన్న చెయ్యి వెళ్ళి టేపు ఆపేసింది. గుడి వచ్చిందేమో అనుకుని ముసలమ్మ దండం పెట్టుకుంది. గుడి ఇంకా రెండు కిలోమీటర్లు ఉంది. ఆ తర్వాత కాలేజీ దాకా ఇంజను మోత తప్ప ఏమీ లేదు. దిగేటప్పుడు అన్న నా వైపు చూడలేదు.

మర్నాటి నుంచి బండిలో టేపు లేదు. నేను రెండు రోజులు చూసి, తట్టుకోలేక, బస్సులో పోవడం మొదలుపెట్టాను. బస్సులో నిలబడి పోతుంటే పక్కనుంచి లొల్లి బండి పాట లేకుండా దాటిపోయేది. ఆయన గురువును పోగొట్టుకున్నందుకు బాధపడుతున్నాడో, నేను అబద్ధం ఆడినందుకో నాకు తెలియడం లేదు. రెండింటిలో ఏదైనా కారణం నేనే.

పదో రోజు శనివారం. బస్‌స్టాపులో నిలబడి ఉంటే బండి వచ్చి నా ముందే ఆగింది. లోపల గంపతో ముసలమ్మ ఒక్కతే ఉంది. "ఎక్కు" అన్నాడు అన్న. ఎక్కాను. కొంచెం దూరం పోయి, రోడ్డు పక్కన వేపచెట్టు కింద బండి ఆపి, ఇంజను కూడా ఆపేశాడు. ప్యాసింజర్లు ఉండగా ఆయన ఇంజను ఆపడం నేనెప్పుడూ చూడలేదు.

"పుస్తకం ఉన్నదా?"

పది రోజులుగా సంచిలోనే మోస్తున్నాను. తీశాను.

"సదువు. నువ్వు ఇడిసిపెట్టింది సదువు."

చదివాను. ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పాను, తిట్లతో సహా. ఆయన కదలకుండా హ్యాండిలు మీద చేతులు పెట్టుకుని విన్నాడు.

"గింతేనా? ఇంకేమన్న ఇడిసినవా?"

"లేదన్నా."

"ఎందుకు జెప్పలే?"

"నువ్వు బాధపడతావని."

"అబద్ధం."

అబద్ధమే. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "నువ్వు అవునంటావని భయమేసింది. ఆయన చెప్పింది కరెక్టే అంటావని. అప్పుడు నేను కూడా బయటిదాన్నే కదా" అన్నాను. అనేసి ఏడ్చాను.

అన్న సీట్లోంచి పూర్తిగా వెనక్కి తిరిగాడు. ఎప్పుడూ అద్దంలో చూసిన మొహం ఎదురుగా చూడటం అదే మొదటిసారి.

"నేను మీటింగులకు పోత. రాష్ట్రం కావాల్నంట. రేపు గూడ అంట, నీ ముంగటనే అంట. నేను, నా తమ్ముడు ఏరువడ్డం. ఎవ్వని పొయ్యి వానిది, ఎవ్వని కుండ వానిది. ఏరువడ్డంక వాని బిడ్డ నా ఇంట్ల బువ్వ తింటలేదా? పెండ్లికి పిల్సుకుంటలేమా? నా పొయ్యి నాగ్గావాలన్న. నిన్ను పొమ్మన్ననా? ఎప్పుడన్న అన్ననా?"

"అనలేదు."

"మరి రెండేండ్ల సంది నా ఎన్క కూసుంటున్నవ్. నన్ను గిట్లనేనా సమజ్ చేసుకున్నది?"

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను దాచిన పేరా ఆయన్ని అంత నొప్పించలేదు. ఆయన తల ఊపుతాడని నేను అనుకోవడం నొప్పించింది. క్షమించమని చెప్పడానికి మాటలు వెతుక్కుంటుంటే ముసలమ్మ అందుకుంది.

"ఏమాయెరా, పోరిని ఏడిపిస్తున్నవ్?"

"నేను ఏడిపిస్తలేనవ్వ. గా పాటలాయన ఏడిపిస్తాండు."

"వాడా? వాని గొంతు ఇన్నప్పుడే అనుకున్న" అంది ముసలమ్మ.

అన్నకు నవ్వొచ్చింది. నాకూ వచ్చింది, ఏడుపులోనే. ఆయన టవలు ఇస్తే మొహం తుడుచుకున్నాను. దాని నిండా డీజిల్ వాసన.

"మరి పాటలు ఏం చేస్తావన్నా?" అని అడిగాను.

"గదే సమజైతలేదు. పది దినాల సంది గదే పరేషాన్. మాట గలీజుగున్నది. పాట మంచిగనే ఉన్నది. పాట గూడ గలీజుగుంటే ఇడిసిపెడుదును. ఎట్లుండాలె ఇప్పుడు?"

నాకూ తెలియదన్నాను. ఆయన ఇంజను స్టార్టు చేశాడు. నేను చదివిన చదువు మొత్తంలో దానికి జవాబు దొరకలేదు. ఆయన కూడా జవాబు దొరికిందని ఎప్పుడూ చెప్పలేదు. వారం తర్వాత ఒక పొద్దున బోరు పాట మళ్ళీ మోగింది. గొంతు మాత్రం మునుపటికంటే తక్కువ. ఆ నాయకుణ్ణి గురువు అనడం మానేశాడు. "గాయన" అనేవాడు. గాయన డ్రమ్ములాయన మంచోడేమో, గాయన పక్క గిటారాయన ఏమన్న అన్నడా, అని అడిగేవాడు. బ్యాండులో మిగతా వాళ్ళనైనా దక్కించుకోవాలని ఆయన తాపత్రయం. డ్రమ్ములాయన ఎక్కడా ఏమీ అన్నట్టు కనబడలేదని చెబితే, "గట్లయితే డ్రమ్ములు ఇందం" అన్నాడు.

శ్రీకాంత్ తన మాట మీద నిలబడ్డాడు. మళ్ళీ ఆ బ్యాండు వినలేదు. అయినా బండి మారలేదు. వాడు ఎక్కడం చూడగానే అన్న టేపు ఆపేసేవాడు. "ఎందుకన్నా, వాడికోసం పన్నెండు మందికి బంద్ చేస్తావా?" అని ఫణి గొణిగితే, "వానికి నొస్తది. నొయ్యనీకి వాడు నా బండి ఎందుకెక్కాలె" అన్నాడు. సాయంత్రం ఇళ్ళకు తిరిగొచ్చేటప్పుడు శ్రీకాంత్ మాకంటే ముందు స్టాపులో దిగేవాడు. వాడు దిగి నాలుగడుగులు వేసేదాకా ఆగి అప్పుడు మీట నొక్కేవాడు. పాట నచ్చనివాడి కోసం ఆపడం, నచ్చిన మాకోసం మళ్ళీ పెట్టడం. రెండేళ్ళు రోజూ ఇదే పని, విసుక్కోకుండా. శ్రీకాంత్, ఫణి మాత్రం చివరి పరీక్ష రోజు కూడా అదే గొడవ పడుతూ దిగారు.

నాలుగో సంవత్సరం అయ్యాక ఉద్యోగం వచ్చి మేము బోయిన్‌పల్లి మారిపోయాం. మొదట రెండుసార్లు వచ్చి కలిశాను. తర్వాత రాలేదు. కారణాలు చాలా చెప్పగలను, ఒక్కటీ నిలబడదు.

యాదగిరి చెప్పింది విన్నాక, వాళ్ళింటికి తీసుకుపొమ్మని అడిగాను. శామీర్‌పేట దాటి నాలుగు కిలోమీటర్లు లోపలికి. ఊళ్ళల్లో రాష్ట్రం కోసం దీక్షలు, రాస్తారోకోలు జోరుగా సాగుతున్న నెల అది. నేను ఆ రోజుల్లో బస్సుల్లో నోరు విప్పడం తగ్గించుకున్నాను. టికెట్టు అడగాలన్నా ఊరి పేరు ఒక్కటీ చెప్పి ఊరుకునేదాన్ని. దారి పొడుగునా ఆ ఇంటికి వెళ్ళి ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. నేను అన్న భార్యను ఎప్పుడూ చూడలేదు, ఆవిడ నన్ను చూడలేదు.

ఆయన భార్య అరుగు మీద కూర్చుని చేటలో కందికాయలు ఒలుస్తోంది. యాదగిరి, "అన్నకు ఎరకైన పిల్ల, చూడొచ్చింది" అని చెప్పి బండి దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను ఏదో అన్నాను. ఆలస్యంగా తెలిసిందని, రాలేకపోయానని. ఆవిడ చెయ్యి ఆపి నన్ను కిందికీ పైకీ చూసింది.

"ఆంధ్ర నుంచి అచ్చినవా బిడ్డా? మాట గట్లున్నది" అంది. మామూలుగానే అడిగింది. నేను మాత్రం గబగబా సంజాయిషీ మొదలుపెట్టాను.

"బోయిన్‌పల్లి నుంచండీ. కాలేజీకి పోయేటప్పుడు అన్న బండిలో వెళ్ళేదాన్ని. ఆ ఇంగ్లీషు పాటల పుస్తకాలు చదివిపెట్టేదాన్ని."

ఆవిడ మొహం మారింది. చేట పక్కన పెట్టి లేచి నిలబడింది.

"గా పిల్లవా నువ్వు? మా మేడ్చల్ పిల్ల, మా మేడ్చల్ పిల్ల అంటుండె. దవాఖాన్ల గూడ అన్నడు, మా మేడ్చల్ పిల్ల ఉంటే డాక్టరు రాసింది సదివి జెప్తుండె అని. నేను ఇన్నొద్దులు నువ్వు ఈడి పిల్లవే అనుకున్న."

తణుకు సంగతి, నాన్న ఉద్యోగం సంగతి, ఏడేళ్ళప్పుడు వచ్చిన సంగతి, అన్నీ అలవాటుగా నోటిదాకా వచ్చాయి. మింగేశాను.

"ఈడి పిల్లనే వదినా" అన్నాను.

వదిన కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "కూసో మరి" అని చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. నేను అరుగు మీద కూర్చుని, చేట దగ్గరికి లాక్కుని, మిగిలిన కందికాయలు ఒలవడం మొదలుపెట్టాను.